జాజ్ సంగీతము – ఒక పల్లెటూరి శ్రోత



సంగీతం వినేవారికి తోడు కావలెనా? భజనకు పదిమంది కావాలి. నాటకానికి సభ కావాలి. కాని చీకటి పడిన తరువాత రేడియో ముందు ఒంటరిగా కూర్చున్న మనిషికి తోడుతో పని యేమిటని ఎవరైనా అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానం నాకు పెద్ద పట్టణాలలో దొరకలేదు, మా బయ్యారంలో దొరికినది.

బయ్యారం పేరు చరిత్ర చదివినవారికి కొత్త కాదు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువు అక్కడ ఉన్నది. ఆ చెరువు శాసనం కాకతీయుల వంశక్రమాన్ని తెలుపుతున్నది. నేటివారికి ఇనుప రాతి గనుల వల్ల ఆ పేరు తెలుసు. మొదట ఖమ్మం జిల్లాలో ఉండి, 2016లో మహబూబాబాదు జిల్లాలో చేరిన ఊరు అది. అక్కడ జాజ్ సంగీతాన్ని ముప్పది యేండ్లకు పైగా విడువక విన్న మనిషి ఒకరుండేవారంటే మీకు ఆశ్చర్యం కలుగవచ్చును. ఆయన బడిపంతులు. మా ఊరి వాడుకలో 'సారు'. ఈ ప్రసంగంలోనూ ఆయన సారుగానే ఉంటారు.

సారు ఇంట్లో ఒక పాత షార్ట్ వేవ్ రేడియో ఉండేది. దాని ఏరియల్ తీగ ఇంటి దూలం నుండి వేపచెట్టు కొమ్మ దాకా సాగి ఉండేది. రాత్రి భోజనాలైన తరువాత ఆయన ముల్లును వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ అమెరికా వాణి కేంద్రాన్ని పట్టేవారు. గరగరమనే ధ్వనుల మధ్య ఒక రైలు కదలినట్లు ఒక బాణీ వినవచ్చేది. అది బిల్లీ స్ట్రేహార్న్ రచించగా డ్యూక్ ఎలింగ్టన్ వాద్యబృందం 1941లో రికార్డు చేసిన 'టేక్ ది ఏ ట్రెయిన్'. ఆ తరువాత నెమ్మదిగా, ఒక్కొక్క మాటను విడదీసి పలికే గంభీరమైన గొంతు వినిపించేది. ఆ గొంతు విల్లిస్ కానోవర్‌ది.

కానోవర్ 1955 జనవరిలో ఆ కార్యక్రమాన్ని ప్రారంభించి, 1996లో మరణించేవరకు ఆ పనిని విడువలేదు. ఇంగ్లీషు పూర్తిగా రాని పరదేశపు శ్రోతకు కూడ అందవలెనని మెల్లగా మాటలాడినాడు. ఎన్నో దేశాలలో ఆయన గొంతును గుర్తుపట్టేవారుండగా, స్వదేశంలో ఆయన దాదాపు అజ్ఞాతుడు. విదేశాలకు ఉద్దేశించిన ప్రసారాలను అమెరికాలో వినిపించరాదని అక్కడి చట్టం నిషేధించినది. 1959లో ఆయన పోలండు రాజధాని వార్సాలో విమానం దిగినప్పుడు పూలతో, కెమెరాలతో నిలిచిన జనాన్ని చూచి, తన వెనుక ఎవరో గొప్పవారు దిగుతున్నారని పక్కకు తొలగినాడట. వచ్చినవారంతా ఆయన కోసమే వచ్చినారు. వారిలో ఒకరి నొకరు ఎరుగనివారే ఎక్కువ. ప్రతి ఒక్కరు తన గదిలో తానొక్కడే వింటున్నానని అనుకొన్నవారే.

1992 ప్రాంతంలో, నా పదునైదవ యేట, నేను సారు ఇంటికి లెక్కలు చెప్పించుకొనడానికి వెళ్ళేవాడను. ఆ రేడియో మోత నాకు మొదట గోల అనిపించినది. "సారూ, ఇందులో పాటేది?" అని అడిగితే ఆయన నవ్వి ఊరకున్నారు. కొన్ని నెలల తరువాత ఊరిలో ఒక పెద్ద ముసలాయన కాలం చేసినాడు. శవయాత్ర ముందు డప్పులు సాగుతున్నవి. ఒక డప్పు ముందు ఒక దరువు వేస్తే, మిగిలినవి దానికి జవాబు చెప్పుచున్నవి. పోయేటప్పుడు నెమ్మదిగా, బరువుగా నడిచిన దరువు, కట్టెలు అంటుకొన్న తరువాత తిరిగివచ్చేటప్పుడు ఉరకలు వేసినది. సారు నా భుజం మీద చేయి వేసి, "ఇంటున్నవా బిడ్డా? రాత్రి రేడియోల నేను ఇనేది గిదే" అన్నారు.

ఆ మాటలోని నిజం నాకు చాల యేండ్ల తరువాత, పుస్తకాలు చదివిన మీదట తెలిసినది. జాజ్ పుట్టిన న్యూ ఆర్లియన్స్ నగరంలో నల్లవారి శవయాత్రలకు బ్యాండు మేళం నడుస్తుంది. శ్మశానానికి పోవునప్పుడు విలంబమైన కీర్తనలు, తిరిగి వచ్చునప్పుడు చిందు వేయించే బాణీలు. పోయినవారిని గౌరవంతో పంపి, ఉన్నవారిని బ్రతుకులోనికి మరలించడం ఆ ఆచారం. ఆ నగరంలో కాంగో స్క్వేర్ అనే మైదానం ఉన్నది. బానిసత్వం చట్టబద్ధమైన రోజులలో ఆఫ్రికానుండి తెచ్చిన దాసులు ఆదివారాలలో అక్కడ చేరి తమ డోళ్ళు వాయించుకొనేవారు. 1865లో దాస్యం రద్దయినది. సైనిక బ్యాండ్ల బూరలు, క్లారినెట్లు వారి చేతికి వచ్చినవి. పాశ్చాత్య వాద్యం, ఆఫ్రికా లయ, చర్చి పాట, పొలంలో చాకిరి చేయుచు పాడిన పాట, ఇవన్నీ కలిసి ఈ శతాబ్దపు కాదు, గడచిన శతాబ్దపు ఆరంభంలో ఒక కొత్త సంగీతమైనవి. దాని తొలి గ్రామఫోను రికార్డు 1917లో వెలువడినది. దానిని వాయించిన అయిదుగురూ తెల్లవారే. సృష్టించినవారి చేతికి ఫలం ఆలస్యంగా అందడం లోకంలో కొత్త కాదు గదా!

మన పెండ్లిళ్ళలో వాయించే బ్యాండు మేళం కూడ అటువంటిదే. ఆ క్లారినెట్టు, ఆ ట్రంపెట్టు తెల్లదొరల పటాలాల వెంట మన దేశానికి వచ్చినవే. మన మేళగాండ్రు వాటిని మన పాటలకు లొంగదీసుకొన్నారు. సముద్రానికి ఆ దరిని ఒకరు, ఈ దరిని ఒకరు, పరాయి యజమాని వాద్యాన్ని తీసికొని తమ గొంతును అందులో నింపినారు.

ఇక ఆ సంగీతపు నిర్మాణం. మన కచేరీలు వినేవారికి ఇది సులభంగా బోధపడుతుంది. 'బ్లూస్' అనేది జాజ్‌కు మూలకందం. అందులో సాధారణంగా 12 భాగాలు, భాగమునకు నాలుగు అక్షరాలు, మొత్తం 48 అక్షరాలకు ఒక ఆవృత్తి. ఆవృత్తి తిరిగి తిరిగి వచ్చుచుండగా, ఒక్కొక్క వాద్యగాడు తన వంతు వచ్చినప్పుడు అప్పటికప్పుడు స్వరం కల్పించి వాయిస్తాడు. మనం దీనిని మనోధర్మమంటాము. బ్లూస్ పాడేవాని గాంధారం మన సాధారణ గాంధారానికి, అంతర గాంధారానికి నడుమ ఎక్కడనో ఊగుతుంది. పియానో మెట్లకు అది అందదు. గమకం తెలిసిన చెవికి మాత్రం వెంటనే అందుతుంది. భేదం కూడ ఉన్నది. మనకు రాగమే సర్వస్వము. వారికి ఏకకాలంలో మ్రోగే స్వరసమూహాలు నేల వంటివి. ఆ నేల మారుచుండగా దానిపై నడక తప్పకుండ నడవడం వారి విద్య. 1928లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేసిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' ఆరంభంలో, పక్కవాద్యం లేకుండ ఆయన ఒంటరిగా వాయించిన ట్రంపెట్టు ఆలాపన వినండి. విద్వాంసుడనేవాడు ఏ దేశంవాడైనా ఒకటే అనిపిస్తుంది.

ఈ సంగీతానికి మన తెలుగునేలతో సంబంధం లేకపోలేదు. 1963లో డ్యూక్ ఎలింగ్టన్ తన బృందంతో పశ్చిమాసియా, దక్షిణాసియా దేశాలు పర్యటించినాడు. ఢిల్లీ తరువాత ఆ యాత్రలో హైదరాబాదు కూడ ఉన్నది. స్ట్రేహార్న్ వెంట ఉన్నాడు. ఢిల్లీ హోటలులో ఒక గోరువంక కూసిన కూతను ఆయన చెవిని పట్టుకొని, 'బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ' అనే రచనలో క్లారినెట్టు నోట పలికించినాడు. అది 1967లో వెలువడిన 'ఫార్ ఈస్ట్ సూట్' అనే రికార్డులో చేరినది. ఆ యాత్రాకాలంలో సారు హనుమకొండలో చదువుకొంటున్నారు. ఎలింగ్టన్ వచ్చిన సంగతి ఆయనకు పదేండ్ల తరువాత తెలిసినది. "పట్నం దాక వచ్చిండట. మనకు తెల్వకపాయె" అని నాతో ఎన్నిసార్లు అన్నారో!

కెనడా దేశపు ప్రసిద్ధ ట్రంపెట్టు విద్వాంసుడు మేనార్డ్ ఫెర్గూసన్ 1960ల చివర కుటుంబంతో వచ్చి, మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ పాఠశాలలో పాఠాలు చెప్పినాడు. తరువాత పుట్టపర్తి విద్యార్థుల బ్రాస్ బ్యాండుకు శిక్షణ ఇచ్చినాడు. మన వారు అటు వెళ్ళిన ఉదాహరణ పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. 1983లో, కౌమారం దాటని వయస్సులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆయన కర్ణాటక సంగీతం వాయించి ఆ సభను మెప్పించినాడు. పిమ్మట జాన్ మెక్‌లాక్లిన్, జాకిర్ హుసేన్‌లతో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో దేశదేశాలు తిరిగినాడు. 2014లో, 45 యేండ్లకే, ఆయన అస్తమించడం మన దురదృష్టం.

ఇంతవరకు సంగీతం సంగతి. ఇప్పుడు రసికుల సంగతి.

జాజ్ అభిమానులు ఎక్కడ ఉన్నా గుంపు కట్టినారు. 1932లో పారిస్ నగరంలో 'హాట్ క్లబ్' వెలసినది. సోవియట్ రష్యాలో రికార్డులు దొరకని కాలాన, ఆస్పత్రులు పారవేసిన ఎక్స్‌రే ఫిలిములపై పాటలను చెక్కి రహస్యంగా పంచుకొన్నారు. ఫిలిమును వెలుగులో పట్టి చూస్తే ఎవరి ప్రక్కటెముకలో కనిపించేవి. మన దేశంలో నిరంజన్ ఝవేరీ వంటివారి పూనికతో 1978లో బొంబాయిలో 'జాజ్ యాత్ర' ఉత్సవం మొదలైనది. ఎవరూ ఆజ్ఞాపించకుండ, ఎవరూ వేతనం ఇవ్వకుండ జరిగిన పనులివి.

అయితే ప్రేమ ఉన్నచోట తగవులూ ఉంటవి. 1940లలో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీలు కొత్త బాణీ తెచ్చినప్పుడు, పాత బాణీవారు అది సంగీతమే కాదన్నారు. కొత్తవారు పాతవారిని బూజుపట్టిన అత్తిపండ్లని పత్రికలలో ఎగతాళి చేసినారు. పారిస్ హాట్ క్లబ్ పెద్దలిద్దరూ ఈ విషయం మీదనే విడిపోయినారు. ఈ తగవును నేను చరిత్రలో చదువుటకు ముందే స్వయంగా ఆడినాను. అది చెప్పుకొనడానికే ఈ ప్రసంగం.

1995లో నేను పైచదువుకు హైదరాబాదు వచ్చితిని. అక్కడ నవ్యమైన జాజ్ క్యాసెట్లు నాకు చిక్కినవి. నాకు అన్నీ తెలిసినవనిపించినది. సారుకు ఒక ఉత్తరం వ్రాసినాను. మీరు వింటున్నది ముసలివారి సంగీతము, కానోవర్ కాలం చెల్లిపోయినది, కొల్ట్రేన్ చివరి రికార్డులు వినకుండ జాజ్ తెలుసుననుట సరికాదు అని, నాలుగు పుటలు. నెలకొక కార్డు వ్రాసే సారు దానికి జవాబు వ్రాయలేదు.

ఆ తరువాత ఒక సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఆయనను చూడబోయినాను. ఏమీ జరగనట్లు చాయ ఇప్పించినారు. రేడియో మీద గుడ్డ కప్పి ఉన్నది. అడిగితే చెప్పినారు: "కానోవర్ పోయిండు. నాకు ఎరుకైతానికి మూడు నెలలు పట్టింది. ఈ ఊళ్ళె ఎవరికి చెప్పుకోను? చెప్పినా ఎవరని అడుగుతరు. నీకు రాద్దామని కార్డు గూడ తీసిన. కాలం చెల్లినోడు పోతే నీకేం బాధ అని మళ్ళ లోపల పెట్టిన." ఆయన గొంతులో నిష్ఠురం లేదు. ఉంటే నేను సులభంగా క్షమాపణ చెప్పుకొని ఉండేవాడను.

ముప్పది యేండ్లు ప్రతి రాత్రి తనతో మాటలాడిన మనిషి మరణిస్తే, ఆ దుఃఖాన్ని పంచుకొనుటకు ఊరంతటిలో ఆయనకున్నది నేనొక్కడనే. ఆ ఒక్కని నోరు ఆయన నోటిని మూయించినది. నా అభిప్రాయాలలో తప్పు ఉన్నదో లేదో నేటికీ వాదింపవచ్చును. కొల్ట్రేన్ గొప్పవాడే. కాని ఎవరు గొప్పయని తేల్చుటకు పూనుకొన్నవాడను, ఎవరు ఒంటరియని చూడలేకపోయినాను.

మన ఆలంకారికులు కవితో పాటు సహృదయుని కూడ లెక్కకు తెచ్చినారు. రసం కవి ఒక్కనిలో పండదనినారు. సహృదయుడంటే విని ఊరకుండేవాడు కాదు. పక్కన వింటున్నవాని హృదయానికి కూడ చోటిచ్చేవాడని నేను ఆలస్యంగా నేర్చుకొన్నాను. అందుచేతనే మొదట వేసిన ప్రశ్నకు, కావలెననియే నా సమాధానము. వినేవానికి తోడు కావాలి. పదిమంది అక్కరలేదు, ఒక్కరు చాలు.

ఆ సంక్రాంతినాడు ఆ గుడ్డ తీసివేయుమని సారును బ్రతిమాలినాను. ఆ రాత్రి ముల్లు జరుపగా జరుపగా ఏదో కేంద్రంలో, ఏ దేశమో తెలియదు, ఒక ట్రంపెట్టు దొరికినది. నాకు తెలిసిన పేర్లు రెండు చెప్పబోయి మానుకొన్నాను. ఇద్దరమూ ధ్వని అణగిపోయేవరకు విన్నాము. ఆ తరువాత ఆయన ఉన్నన్నాళ్ళు మా కార్డులు ఆగలేదు.

సారు ఇప్పుడు లేరు. ఏ రాత్రి ఏ మీటరుపై ఏ బాణీ విన్నదీ, వాయించినవారెవరో, తేదీతో సహా ఆయన వ్రాసుకొన్న నోటు పుస్తకాలలో చెదలు తినగా మిగిలినవి మూడు నా వద్ద ఉన్నవి. షార్ట్ వేవ్‌పై పెద్ద కేంద్రాలు చాలవరకు ప్రసారాలను తగ్గించినవి. నేడు జాజ్ వినదలచినవారికి ముల్లు జరిపే శ్రమ లేదు. కోరిన రికార్డు క్షణంలో దొరుకుతుంది. దొరకనిది పక్కన కూర్చొనే మనిషి.

మీ ఇంట్లో, మీ వీధిలో, ఎవరికీ అర్థంకాని సంగీతమేదో వింటూ కూర్చొనేవారు ఒకరు ఉండవచ్చును. అది జాజ్ కానక్కరలేదు. మరచిపోయిన యక్షగానం కావచ్చు, పాత నాటక పద్యం కావచ్చు. ఒకసారి వెళ్ళి పక్కన కూర్చోండి. అభిప్రాయం చెప్పకండి. ఆవృత్తి పూర్తి అయ్యేవరకు వినండి.