కిరణచికిత్స: తరువాతి లెక్క



మా పులివెందుల ప్రాంతమున కిరణమన్న మాట వినబడగనే జనులు తుమ్మలపల్లె యురేనియపు గనిని తలచుకొందురు. అది వేరొక దినమునకు తగిన విషయము. నేడు వైద్యులు మేలుకోరి యిచ్చిన కిరణములను గూర్చి ముచ్చటింతును.

1895వ సంవత్సరమున జర్మనీలో రాంట్‌జెన్ పండితుడు ఎక్స్‌-రే కిరణములను కనుగొనెను. పిమ్మట వానిని రాచపుండునకే, అనగా క్యాన్సరునకే కాక, తలలోని తామరకును, బాలింతల చనువాపునకును గూడ వాడిరి. ముట్లుడుగు వయస్సున కొందరు స్త్రీలకు రక్తస్రావ మెడతెగక యుండును. ఆయుర్వేదమున దీనిని అసృగ్దరమందురు. దీనికై పొత్తికడుపుపై కిరణములు ప్రసరింపజేసి అండాశయముల పనిని మాన్పుచుండిరి. కత్తితో పని లేకయే రక్తము కట్టెడిది. రక్తహీనతచే కృశించిన ఆ తల్లులకది వరమేయని నా తలంపు.

స్కాట్‌లండు దేశమున 1940-1960 నడుమ ఈ చికిత్స పొందిన 2,067 మంది స్త్రీలను సగటున 28 యేండ్లు కనిపెట్టి, 1994లో లెక్క ప్రకటించిరి. ల్యుకేమియా యను రక్తపు క్యాన్సరుచే మరణించినవారు సామాన్యముగా నుండదగిన సంఖ్యకు రెండింతలు; మూత్రాశయ క్యాన్సరుచే మూడింతలు. విచిత్రమేమనగా స్తన క్యాన్సరు మరణములు సగమునకు తగ్గినవి! అండాశయముల స్రావము నిలిచిపోవుటయే దీనికి హేతువని వైద్యుల యూహ. చనువాపునకై రొమ్ముపైననే కిరణములు పొందిన అమెరికాలోని రోచెస్టరు స్త్రీలలోనన్ననో, స్తన క్యాన్సరు హెచ్చినది.

రెండింతలన్న మాటకు బెదరరాదు. అరుదైన వ్యాధికి రెండింతలైనను అరుదే. ప్రొద్దుటూరి పిల్లలకు భిన్నములు నేర్పినవాడను గనుక ఈ మాట నొక్కి చెప్పుచున్నాను.

జమ్మలమడుగున మా పెద్దమ్మ కలదు. తొంబదియేండ్లకు చేరువైనది. ఒకనాడామెకు మూత్రము ఎర్రనాయెను. వైద్యుడు పూర్వపు జబ్బుల నడిగిన, మగవానియెదుట ముట్టు మాట యెత్తుటకు సిగ్గుపడి ఏమియు లేవనెను. ఇంటికి వచ్చిన పిమ్మట నా భార్యతో, "నా ముప్పై యేండ్లప్పుడు పట్నంలో పొట్టకు కరెంటు పెట్టినారు లేమ్మా" అనెను. మరునాడా మాట తెలుపగా వైద్యుడు లోనికి గొట్టము వేసి చూచెను. మూత్రాశయమున చిన్న గడ్డ యుండెను, తీసివేసిరి. అది కిరణములవలననే కలిగెనని చెప్ప నెవ్వరికిని శక్యము గాదు. పెక్కుమందిని లెక్కించిన తేలు విషయము ఒక్కరియందు తేలదు.

నేడీ రుగ్మతకు మందులును శస్త్రచికిత్సయు గలవు. నాటి చికిత్స పొందిన వృద్ధురాండ్రు మాత్రము ఇంకను మన యిండ్లలో నున్నారు. ముట్లుడిగిన వెనుక రక్తము కనబడినను, మూత్రమున రక్తము కనబడినను నొప్పి లేదని యూరకుండరాదు. ఎముక విరిగిన తీయు ఎక్స్‌-రే పటమునకు జంకనక్కరలేదు. దాని మోతాదునకును ఆ చికిత్సకును పోలికయే లేదు. ఇంటిలోని పెద్దదానిని, ఆమె సిగ్గెరిగిన కోడలో కూతురో చాటుగా నడిగి, వైద్యునకు తెలుపవలయును. పాత చీటీ చిక్కకపోయినను సరియే. ఏ యేట, శరీరమున నెచ్చట, ఎన్ని దినములు కరెంటు పెట్టిరో జ్ఞాపకమున్నంత చెప్పిన చాలును.