పొయ్యి మంటలో పరమాణువుల లెక్క

మన వంటగ్యాసులో ప్రొపేన్ ఉంటుంది. దాని ఒక్కో అణువులో 3 కార్బన్, 8 హైడ్రోజన్ పరమాణువులు. మండేటప్పుడు ఏ పరమాణువూ మాయం కాదు, కొత్తది పుట్టదు; జతలు మారతాయంతే. 3 కార్బన్లకు 3 కార్బన్ డయాక్సైడ్ అణువులు, 8 హైడ్రోజన్లకు 4 నీటి అణువులు వస్తాయి. ఇప్పుడు వాటిలోని ఆక్సిజన్ లెక్కపెట్టండి: ఆరూ నాలుగూ పది. గాలిలో ఆక్సిజన్ జంటగా ఉంటుంది కాబట్టి 5 అణువులు కావాలి. ఇలా రసాయన సమీకరణాన్ని తుల్యం చేసేటప్పుడు ఆక్సిజన్‌ను చివరికి ఉంచుకోవడంలోనే ఉంది సులువంతా. పిల్లలు తొందరలో ఫార్ములా లోపలి అంకె మార్చేస్తుంటారు. నీటిలో ఇంకో ఆక్సిజన్ చేరిస్తే అది హైడ్రోజన్ పెరాక్సైడ్, వేరే పదార్థమే! మార్చాల్సింది ఫార్ములా ముందున్న అంకెను. మంటకు సరిపడా ఆక్సిజన్ అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. వంట చేసేటప్పుడు కిటికీ తెరిచే ఉంచండి.