ముప్ఫై సెకండ్ల నవ్వు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. విద్య గురించి చెప్పగల పెద్దలు వేదిక మీద ఇంకా ముగ్గురున్నారు. వారు చెప్పబోయేది నేను ముందే చెప్పేస్తే బాగుండదు. అందుచేత నేనొక చిన్న సంగతి ఎంచుకున్నాను. 2001లో కర్నూలులో డిగ్రీ చదువుతుండగా మా లెక్చరర్ మా చేత రేడియో ప్రకటన ఒకటి తయారు చేయించారు. అదీ నవ్వించే ప్రకటన. దాని గురించి చెబుతాను. "ఇదేం విషయం మాస్టారూ" అని కొందరు అనుకుంటున్నట్టు మొహాలు చూస్తేనే తెలుస్తోంది. కాస్త ఓపిక పట్టండి.

ఈ కాలం పిల్లలకు రేడియో ప్రకటన అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఆకాశవాణిలో వివిధభారతి 1957లో మొదలైంది. పదేళ్ళపాటు అందులో వ్యాపార ప్రకటనలు లేవు. 1967 నవంబరులో బొంబాయి, పూనా, నాగపూర్‌లలో ప్రారంభించారు. అంతకు చాలా ముందే, 1952 నుంచి, రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా వచ్చేది. టూత్‌పేస్టు కంపెనీవాళ్ళ డబ్బుతో పాటలు. అమీన్ సయానీగారి గొంతు కోసం మా అబ్బాజాన్ తరం వాళ్ళు బుధవారం రాత్రి ఎక్కడికీ కదిలేవారు కాదట. ఆయన శ్రోతలను పిలిచేటప్పుడు అక్కచెల్లెళ్ళను ముందు పిలిచి, ఆ తర్వాతే అన్నదమ్ములను పిలిచేవారు. 2024 ఫిబ్రవరిలో ఆయన కాలం చేసినప్పుడు మా వీధిలో ముసలివాళ్ళంతా ఆ పిలుపునే తలచుకున్నారు. సరుకు పేరు మరిచిపోయినా మనిషి గొంతు మరిచిపోరు. రేడియో సంగతి అట్లాంటిది.

సరే, మా సంగతికి వస్తాను. మా క్లాసులో నలుగురేసి జట్లు కట్టారు. మా జట్టులో నేనూ, మా వీధివాడే ఇంకో ముస్లిం అబ్బాయి, మరి ఇద్దరు హిందూ మిత్రులు. లెక్చరర్ పెట్టిన షరతులు మూడే. ప్రకటన ముప్ఫై సెకండ్లు దాటకూడదు. వినేవాళ్ళు ఒక్కసారయినా నవ్వాలి. ఊళ్ళో నిజంగా ఉన్న అంగడికే చెయ్యాలి, ఆ అంగడి యజమానికి వినిపించి, ఆయన సరేనన్నాకే క్లాసుకు తేవాలి. మొదటి రెండూ కష్టమనుకున్నాం. మూడోదే అసలు పరీక్ష అని తర్వాత తెలిసింది.

మేం ఎంచుకున్నది పరుపులు, దిండ్లు, దోమతెరలు అమ్మే అంగడి. కర్నూలులో హంద్రీ పక్కన కాపురం ఉన్నవారికి దోమతెర విలువ నేను చెప్పనక్కరలేదు. అంగడి యజమాని మనవాడే. అరవై దాటిన మనిషి. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. ఆ తెలుగు అచ్చమైన కర్నూలు తెలుగు. బేరమాడేటప్పుడు ఆయన నోట వచ్చే సామెతలు వినడానికే కొందరు వచ్చి కూర్చునేవారు.

మా జట్టులో ఒక మిత్రుడు మంచి అనుకరణగాడు. మొదటి రాత చకచకా రాసేశాడు. అందులో దోమతెరలమ్మే సాయిబు ఉంటాడు. "మాకీ తెల్దు, నీకీ తెల్దు" అన్న ధోరణిలో, ఆడమనిషిని వాడు అని, మగమనిషిని అది అని, ప్రతి మాటకూ ముందు "అరె" చేర్చి మాట్లాడతాడు. మీకందరికీ తెలిసిన సాయిబే. సినిమాల్లో చూశారు, నాటకాల్లో చూశారు, కాలేజీ వార్షికోత్సవాల్లో గడ్డం అంటించుకుని వచ్చినప్పుడు చూశారు. ఆ మిత్రుడికి మా మీద ద్వేషమేమీ లేదు. పండక్కి మా ఇంట్లో షీర్ ఖుర్మా రెండు గిన్నెలు తాగేవాడు. నవ్వు కావాలి, సాయిబును పెడితే నవ్వు వస్తుంది, అంతే అతని లెక్క. క్లాసు బయట చదివి వినిపిస్తే అందరూ పడీ పడీ నవ్వారు కూడా.

షరతు ప్రకారం క్యాసెట్టు పట్టుకుని అంగడికి వెళ్ళాం. చాచా మొదటినుంచి చివరిదాకా విన్నాడు. రెండోసారి పెట్టించుకుని విన్నాడు. కోపగించుకోలేదు. మాకు చాయ్ చెప్పి, మా మిత్రుణ్ణి దగ్గరకు పిలిచి ఇట్లా అన్నాడు:

"బాగుంది నాయనా, నగు వస్తాది. అయితే ఇది ఇని నగుకుంటా వచ్చినోడు నాతో గూడా ఇట్లే మాట్లాడతాడు గదా? నేను ముప్ఫై ఏండ్లుగా ఈడ తెలుగులోనే యాపారం చేస్తాండా. నా తెలుగు వాడు ఇంటాడా, నీ క్యాసెట్టులో తెలుగే ఇంటాడా?"

మా మిత్రుడు ఏమీ అనలేదు. చాయ్ చల్లారిపోయింది. దారిలో మాత్రం, "మనం ఇంకోటి రాద్దాం" అని మొదట అన్నది అతనే.

దీని గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. మనవాళ్ళు హాస్యం సహించలేరనే మాట ఒకటి ఉంది. అది శుద్ధ అబద్ధం. దక్కనీ భాషలో సులేమాన్ ఖతీబ్ అత్తాకోడళ్ళ తగాదా రాసి చదువుతుంటే ముషాయిరాలో అత్తలూ కోడళ్ళూ కలిసి నవ్వారు. హైదరాబాదు నుంచి 'షగూఫా' అని హాస్యానికే ఒక ఉర్దూ మాసపత్రిక వెలువడింది. మన యాసను మనం వేళాకోళం చేసుకోవడం మనకు తాతల నాటి అలవాటు. ఖతీబ్ కవితలో నవ్వు వచ్చేది ఆ అత్త బుద్ధి చూసి, కోడలి గడుసుతనం చూసి. అక్కడ యాస మనిషిని మన కళ్ళముందు నిలబెడుతుంది. ఆ క్యాసెట్టులో సాయిబుకు బుద్ధీ లేదు, గడుసుతనమూ లేదు, ఇల్లూ లేదు, పేరూ లేదు. తప్పుల తెలుగు ఒక్కటే ఉంది. మనిషిని తీసేసి యాసను మాత్రం మిగిల్చారు. తేడా నాకు అక్కడ కనిపిస్తుంది.

పైగా అది నిజం కూడా కాదు. పిఠాపురంలో ఉమర్ ఆలీషాగారు తెలుగులో పద్యాలూ నాటకాలూ రాశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లువాడు షేక్ నాజర్ బుర్రకథ చెబితే ఊళ్ళకు ఊళ్ళు కదిలి వచ్చేవి. 1986లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నాజర్‌గారి పేరు ఎత్తాను కనుక ఒక మాట. బుర్రకథలో కథకుడికి ఇటొకరు, అటొకరు వంతలుంటారు. వారిలో ఒకరు హాస్యం చెప్పేవారు. ఆ హాస్యగాడు ఎంత నవ్వించినా కథను ఒక అడుగు ముందుకు తోసి మళ్ళీ కథకుడి చేతికి ఇవ్వాలి. నవ్వు దారిలో కథ తప్పిపోతే ఆ హాస్యం పనికిరాదు. మా లెక్చరర్‌కు ఈ సంగతి చెబితే, "ప్రకటన కూడా అంతేనోయ్, మీ క్యాసెట్టు విన్నవాడికి సాయిబు గుర్తుంటాడు, దోమతెర గుర్తుండదు" అన్నారు. వ్యాపారం లెక్కలో చూసినా మొదటి రాత నష్టమే.

రెండో రాతలో సాయిబును తీసేశాం, కొనేవాణ్ణీ తీసేశాం. దోమల్నే మాట్లాడించాం. మా జట్టులో ఒకడు జంతుశాస్త్రం విద్యార్థి. భార్యాభర్తలైన రెండు దోమలు మనుషుల్ని కుట్టడానికి బయల్దేరతాయని మేం రాస్తే, వాడు అడ్డం తిరిగాడు. మగదోమ కుట్టదు. అది పూలరసం తాగి బతుకుతుంది. గుడ్లు పెట్టాలి కనుక ఆడదోమకే రక్తం కావాలి. "నవ్వుకోసం శాస్త్రాన్ని చంపుతారా" అని వాడు పట్టుబట్టాడు. వాడి పట్టుదల వల్లే మా ప్రకటనకు ప్రాణం వచ్చింది. చివరకు ఇట్లా తయారైంది:

మగదోమ: ఏమే, యాడికి పోతాండావు?
ఆడదోమ: బువ్వకు.
మగదోమ: నేనూ వస్తా.
ఆడదోమ: నీకేం పని? నీది పూలరసం. పో, మల్లెచెట్టు కాడ కూచో.
(దోమ రొద దూరమై, మళ్ళీ దగ్గరవుతుంది)
మగదోమ: అప్పుడే వచ్చినావే?
ఆడదోమ: తెర దించేసినారు.
మగదోమ: అయ్యో, నాటకం అయిపోయిందా?
ఆడదోమ: నాటకం కాదు, నా బువ్వ అయిపోయింది. దోమతెర!
మగదోమ: రా, రా. ఈ పొద్దు నీకూ పూలరసమే.

తర్వాత అంగడి పేరు, వీధి పేరు. అంతే. గడియారం పెట్టి చదివితే మొదట నలభై సెకండ్లు దాటింది. తెలుగు మాట పొడుగు, ఇంగ్లీషులో మాదిరి పొట్టి మాటలతో పని కాదు. మొదట రాసినదాంట్లో సగానికి సగం కొట్టేశాం. నాకు నచ్చిన ఒక వాక్యం, ఇప్పటికీ గుర్తుంది, చెప్పను, అందులోనే పోయింది.

రికార్డింగు మా ఇంట్లోనే. టూ-ఇన్-వన్ టేపురికార్డరు, దాని లోపలి మైకు. ఫ్యాను ఆపాలి, లేకపోతే దోమకన్నా ఫ్యానే ఎక్కువ వినిపిస్తుంది. తలుపుకు రజాయి వేలాడదీశాం, గొంతు గోడకు కొట్టుకోకుండా. దోమ రొదకు దువ్వెన మీద పతంగి కాగితం చుట్టి, దాని మీద పెదవులానించి ఊదాం. మగదోమ రొద ఆడదోమ రొదకన్నా సన్నగా ఉంటుందని జంతుశాస్త్రం మళ్ళీ అడ్డుపడింది. అందువల్ల మా జట్టులో అందరికన్నా లావుపాటివాడు అందరికన్నా సన్నని గొంతుతో మొగుడి వేషం వేయవలసి వచ్చింది. ఫ్యాను లేని ఆ గదిలో, ఆ రాత్రి, మమ్మల్ని కుట్టిన దోమలన్నీ ఆడవేనని తెలిసి మాత్రం మాకు ఒరిగిందేమీ లేదు.

చాచాకు వినిపించాం. మొదటిసారి చిన్నగా నవ్వాడు. "తెర దించేసినారు" దగ్గర రెండోసారి గట్టిగా నవ్వాడు. క్లాసులో మొదటి రాతకు వచ్చినంత నవ్వు దీనికి రాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అది ఏ రేడియోలోనూ రాలేదు కూడా, క్లాసు పని కనుక అక్కడితో సరి. కానీ చాచా ఆ క్యాసెట్టు తన దగ్గరే పెట్టుకుని అంగట్లో వేసేవాడు.

ఇప్పుడు నేను ఉర్దూ మీడియం బడిలో పనిచేస్తున్నాను. మన పిల్లలు తెలుగు పీరియడులో ఎట్లా కూర్చుంటారో ఇక్కడున్న తల్లిదండ్రులకు తెలుసు. తెలుగు రాక కాదు. సంతలో బేరమాడతారు, క్రికెట్‌లో తగాదా పడతారు, అంతా తెలుగులోనే. క్లాసులో నోరు తెరిస్తే ఎవరైనా నవ్వుతారని భయం. ఆ నవ్వు ఎక్కడిదో మీరు ఊహించగలరు. ఆ సాయిబు బొమ్మను ఆరేడేళ్ళ వయసులోనే చూసి ఉంటారు వాళ్ళు.

మొన్న ఎనిమిదో తరగతికి అదే పని ఇచ్చాను, దోమతెర ప్రకటన, ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి. ఇప్పుడు క్యాసెట్టు అక్కరలేదు, మొబైల్‌లోనే రికార్డు చేయవచ్చు. ముందు వాళ్ళకు 1897 నాటి కథ చెప్పాను. సికిందరాబాదులో, బేగంపేట దగ్గర, రోనాల్డ్ రాస్ అనే డాక్టరు మలేరియా దోమ ద్వారా వస్తుందని పట్టుకున్నాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. అందుకు దోమల చేత కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. పిల్లలు వెంటనే లెక్కలు వేశారు, మా ఇంట్లో అయితే ఒక్క రాత్రికి ఎన్ని రూపాయలని.

ఉర్దూ రాతలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు ఇరవై ఏళ్ళలో తట్టలేదు. "సార్, సుర్మాదానిలో సుర్మా ఉంటుంది. పాన్‌దాన్‌లో పాన్ ఉంటుంది. మచ్ఛర్‌దానిలో మనుషులు ఎందుకుంటారు?" అంతే, దాని చుట్టూ ప్రకటన అల్లేశారు. నానీమా మచ్ఛర్‌దానీ తెమ్మంటే మనవడు డబ్బా తెచ్చి దోమల్ని పట్టి అందులో వేస్తుంటాడు. ఉర్దూలో క్లాసంతా నవ్వింది. తెలుగులోకి మారిస్తే ఎవరూ నవ్వలేదు. దోమతెరలో తెర ఉంది గానీ దాని లేదు. అప్పుడు నేను మా పాత నాటకం తెర సంగతి చెప్పాను. అది ఉర్దూలోకి రాదు. ఒక భాషలో నవ్వు మరో భాషలోకి మోసుకుపోలేమని వాళ్ళకు వాళ్ళే కనుక్కున్నారు. తెలుగు రాతకు తెలుగులోనే మొదటినుంచి ఆలోచించాల్సి వచ్చింది. ఏడాదిగా తెలుగు పీరియడులో తల ఎత్తని అబ్బాయి ఒకడు ఆడదోమ వేషం నాకంటే నాకని కొట్లాడి తీసుకున్నాడు. దోమ గొంతులో వాడు మాట్లాడిన తెలుగు, ఆ చాచా తెలుగే అనుకోండి.

పని మాత్రం పూర్తి కాలేదు. ఒక పిల్ల లేచి, డెంగీ దోమ పగలు కుడుతుంది కదా, రాత్రి తెర దించితే చాలదు, నీళ్ళ తొట్ల మీద మూతల సంగతి కూడా చెప్పాలంది. అది సత్యమే. రెండు రాతలూ ఇరవై సెకండ్లకు కుదించారు. మిగిలిన పది సెకండ్లలో ఏ దోమ మాట్లాడాలి, ఏ భాషలో మాట్లాడాలి అని రెండు వారాలుగా వాదించుకుంటున్నారు. వచ్చే శనివారం ఓటింగు పెట్టుకున్నారట. నన్ను ఓటు వెయ్యవద్దన్నారు.