పెళ్లి కేసెట్టూ, తాతయ్య గొంతూ



మొన్నొక మిత్రుడు అడిగాడు: "అమ్మానాన్నల పెళ్లి కేసెట్ ఇండియా నుంచి తెచ్చుకున్నాం. ఇక్కడి వీసీఆర్‌లో పెడితే బొమ్మ పొర్లిపోతోంది. పాడైపోయిందంటావా?"

పాడై ఉండకపోవచ్చు. మన దేశంలో కేసెట్లు పాల్ పద్ధతిలో ఉంటాయి: సెకనుకు 25 ఫ్రేములు, ఫ్రేముకు 625 గీతలు. అమెరికాలోది ఎన్టీఎస్సీ: సుమారు 30 ఫ్రేములు, 525 గీతలు. రెండూ చదవగలిగే మల్టీసిస్టమ్ వీసీఆర్ సంపాదించాలి. ఫునాయ్ సంస్థ కూడా 2016లో తయారీ ఆపేసింది కాబట్టి పాతదే వెతుక్కోవాలి.

ఇక కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఒకప్పుడు గ్రాఫిక్స్ వర్క్‌స్టేషన్ల దగ్గర ఇదే పెద్ద తలనొప్పి. కుదించని పాల్ వీడియోలో ఫ్రేముకు 720 x 576 చుక్కలు, చుక్కకు రెండు బైట్లు. అంటే సెకనుకు సుమారు 21 మెగాబైట్లు. అప్పటి మామూలు హార్డ్ డిస్కులు ఆ వేగాన్ని అందుకోలేక, డిజిటల్ డిస్క్ రికార్డర్లని ప్రత్యేకమైన పెట్టెలు వాడేవారు. ఇవాళ ఏ ల్యాప్‌టాప్ అయినా ఆ పని చేస్తుంది. గంటకు 75 గిగాబైట్లు, అంతే.

డిస్కు బాధ తీరింది గానీ, టేపు బాధ తీరలేదు. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

మా అమ్మ పెళ్లి కేసెట్‌ని చవక యూఎస్‌బీ పరికరంతో ఎక్కించాను. అప్పగింతల్లో తాతయ్య నాన్నతో, "దీనికి పొద్దున్నే కాఫీ పడాలి బాబూ" అంటారు. ఆయన గొంతు మాకు ఇంకెక్కడా లేదు. నా కాపీలో తాతయ్య మాట్లాడేసి కళ్లు తుడుచుకుంటున్నప్పుడు ఆ మాట వినిపించింది. అమ్మ చూసి, "మీ తాతయ్య మాట ఆయన దగ్గర లేదేమిట్రా?" అంది.

కారణం ఇదీ. పాత టేపు మీద గీతలు సరిగ్గా వేళకు రావు, వణుకుతాయి. ఆ వణుకుకి తట్టుకోలేక నా పరికరం కొన్ని ఫ్రేములు వదిలేసింది. శబ్దం మాత్రం ఆగకుండా నడిచింది. మూడు గంటల కేసెట్‌లో ఆ తేడా పేరుకుపోయింది. దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్. గీతల్ని పట్టి, మళ్లీ వేళకు పంపే పరికరం అది. కొన్ని ఎస్‌వీహెచ్‌ఎస్ వీసీఆర్‌లలో లోపలే ఉంటుంది. అలాంటిది తెచ్చి మళ్లీ ఎక్కిస్తే, మాట తాతయ్య పెదవుల మీదికి వచ్చింది.

మీకు నాలుగు మాటలు. కేసెట్ అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేయండి, పొరపాటున దానిమీద మరేదీ రికార్డు కాదు. తెల్లగా బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకండి. తెలిసినవాళ్లతో శుభ్రం చేయించండి. మొదటి కాపీని కుదించకుండా దాచండి, వాట్సాప్‌కి పంపే చిన్న కాపీ వేరే చేసుకోండి. రెండో డిస్కు మీద ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉంచండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆలస్యం చేయకండి. టేపు మనకోసం ఆగదు.

సెలవు.