జిల్లా పంచాయతికి ఎట్టివారిని పంపవలెను



ఎన్నికల ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మన సంఘములో పుట్టు ప్రశ్న ఒక్కటే: నిలబడినవాడు మనవాడేనా? మనవాడనగా తెలుగువాడని అర్థము. ఈ ప్రశ్న తప్పని మేమనము. కాని అదియే మొదటి ప్రశ్న కారాదని చెప్పుటకే నేడు మీ ముందు నిలచితిమి.

రాబర్ట్‌సన్‌పేట నగరసభ వేరు, జిల్లా పంచాయతి వేరు. గనుల పట్టణములో కాపురమున్నవారికి జిల్లా పంచాయతి ఓటు లేదు; అది క్యాసంబళ్ళి, బేతమంగలము వంటి పల్లెలవారిది. అయినను మనకేమి అక్కర అనుకొనరాదు. గనులు నడచిన కాలమున ఈ పట్టణము త్రాగినది బేతమంగలమున పాలారుకు కట్టిన చెరువునీరే. మన చుట్టములలో ఎందరో ఆ పల్లెలలోనే ఉన్నారు.

అభ్యర్థి పూర్వచరిత్రను తూచుటకు కొలత మన జిల్లాలోనే ఉన్నది. 1902లో క్యాసంబళ్ళిలో జన్మించిన కె. చెంగలరాయరెడ్డిగారు న్యాయశాస్త్రము చదివి, ప్రజాపక్షమును స్థాపించి, రైతుల కష్టములను చేపట్టిరి. 1947లో 'మైసూరు చలో' ఉద్యమమును నడిపి, అక్టోబరు 25వ తేదీన మైసూరు ప్రథమ ముఖ్యమంత్రి అయిరి. వారు కోరినది బాధ్యతాయుత ప్రభుత్వము. తమ భాషవారికొక వాటా ఇండని వారు బయలుదేరలేదు.

ఇక చేయవలసిన పనులలో నీటిదే అగ్రస్థానము. 1987లో కర్ణాటకమున జిల్లా పరిషత్తులకు ఎన్నికలు జరిపించిన మంత్రి నజీర్ సాబు గారిని, పల్లెపల్లెకు బోరుబావులు వేయించినందున, జనులు 'నీర్ సాబ్' అనిరి. ఇప్పుడు మన జిల్లాలో వేయి అడుగులు దాటినను నీరు పడునన్న నమ్మకము లేదు. పడినచోట ఫ్లోరైడు బెడద. 2018లో బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోరమంగల–చల్లఘట్ట లోయనుండి మన చెరువులకు మళ్ళింప నారంభించిరి. ఎండిన చెరువు నిండెనని సంతోషించినవారు కలరు; రెండుమారులు శుద్ధిచేసిన చాలదు, మూడవమారును చేయవలెనని వాదించినవారును కలరు. అభ్యర్థి ఎటువైపున ఉన్నను మాకు పట్టింపు లేదు. ఆ నీటి పరీక్షల కాగితము చదివితివా అని మాత్రము అడిగెదము.

రెండవది కాగితముల మాట. మన పల్లెలలో ఇంటిభాష తెలుగు, కచేరిభాష కన్నడము. పంచాయతి లెక్కలను కన్నడములో చదివి, అరుగుమీద కూర్చున్న అవ్వకు తెలుగులో విప్పిచెప్పగలవాడు కావలెను. అట్టివాని ఇంటిభాష కన్నడమైనను, తమిళమైనను, ఉర్దూయైనను మా ఓటు వానికే. ఆడవారైన మరియు మంచిది. చట్టము సగము స్థానములను వారికే కేటాయించినది.

బడులు, ఆరోగ్యకేంద్రములు జిల్లా పంచాయతి చేతిలోనివే గనుక వానిని గూర్చియు అడుగుడు. 2001లో మూసిన గనులను తెరిపించెదననువానిని, బెంగుళూరు రైళ్ళు పెంచెదననువానిని నవ్వి సాగనంపుడు. ఆ రెండును ఢిల్లీవారి పనులు.

2016లో ఎన్నికైన సభ్యుల గడువు 2021లో తీరినది. ఆ పిమ్మట ఏండ్లకొలది ఎన్నికలు లేక అధికారులే పాలన నడిపిరి. కొళాయి ఎండినప్పుడు ఎవరి తలుపు తట్టవలెనో తెలియక మనవారు పడిన అవస్థ మీరెరుగుదురు. కావున అభ్యర్థి మన సంఘమందిరమునకు వచ్చిన నాడు ముందు కాఫీ ఇత్తము. పిమ్మట మీది ఏ ఊరని అడుగక, మీ ఊరి చెరువులో నీరెంత ఉన్నదని అడిగెదము.