బడిలో సూదీ దారం
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో కుట్టు మిషన్లు పంచుతున్నాం. చదువు మానేసిన అమ్మాయికీ, భర్త పోయిన అక్కకూ అవి అందుతున్నాయి. సంతోషమే. అయితే సూది పట్టడం అంతకన్నా ముందే, బడిలో ఉండగానే రావాలని మేము కోరుతున్నాం. ఒకప్పుడు హైస్కూళ్ళలో క్రాఫ్టు పీరియడ్ ఉండేది. కాడ కుట్టు, గొలుసు కుట్టు, కాజాలు అక్కడే వచ్చేవి. ఇప్పుడు చాలాచోట్ల ఆ గంట లెక్కలకో సైన్సుకో పోతోంది.

లెక్కలే కావాలంటే ఊలు ఉండ ఒకటి చాలు. క్రోషా సూదితో గుండ్రని ముక్క అల్లి చూడండి. మొదటి వరుసలో 6 కుట్లు, తర్వాత 12, 18, 24. వరుసకు ఆరు చొప్పున పెంచితే పళ్ళెంలా చదునుగా వస్తుంది. పెంచడం ఆపితే టోపీలా ముడుచుకుంటుంది. మరీ పెంచితే అంచు కుచ్చుల్లా లేస్తుంది. ఆరో ఎక్కం తప్పిన పిల్లకు టీచరు చెప్పక్కర్లేదు, చేతిలోని ముక్కే చెబుతుంది. తప్పిన చోటు వెతికి, అంతవరకూ విప్పి, మళ్ళీ అల్లే ఓపిక కూడా అక్కడే అలవడుతుంది.

ఇది కొత్త మాటేమీ కాదు. 1937లో గాంధీజీ ప్రతిపాదించిన బేసిక్ విద్యకు రూపం ఇచ్చిన కమిటీ అధ్యక్షుడు మన హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్. మరబొమ్మల్లా పనిచేసేవాళ్ళను తయారుచేయడం కాదు, చేతిపనిలో దాగి ఉన్న చదువును బయటికి తీయడమే ఆ కమిటీ ఉద్దేశం. అందుకే మగపిల్లలనూ కూర్చోబెట్టాలంటాం. మగ్గం వర్కు చేసి ఇల్లు గడుపుతున్న మగవాళ్ళు మనలో ఎందరు లేరు?

పని వస్తే సరిపోతుందా? నరసాపురం లేసు సంగతి చూడండి. పశ్చిమ గోదావరి ఆడవాళ్ళు తరతరాలుగా అల్లే ఆ లేసు విదేశాలకు వెళ్తుంది. 2024లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. కానీ మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో వెలువడిన తన పుస్తకంలో వాళ్ళ బతుకు రాశారు. గంటల తరబడి అల్లినా వాళ్ళు గృహిణులే, ఆ పని తీరిక వేళ కాలక్షేపమే అన్నారట. కూలి కూడా దానికి తగ్గట్టే ముట్టింది. మన పిల్లలు ఆ వరుసలో చేరకూడదు. ప్రతి ముక్కతోపాటు ఒక నోటుబుక్కు ఉండాలి: దారం ఎంత పట్టింది, ఎన్ని గంటలు కూర్చున్నాం, ఎంతకు అమ్మాలి. ధర అడగడానికి మొహమాటపడకపోవడం పదమూడేళ్ళకే రావాలి. మిషను చేతికిచ్చాక నేర్పుదామంటే ఆలస్యమే.

కాబట్టి ఈసారి మిషన్లతోపాటు క్రాఫ్టు టీచరుకు నెలనెలా గౌరవ వేతనం, పిల్లలకు సూదులు, ఊలు, ఎంబ్రాయిడరీ రింగులు కావాలి. డబ్బుగా కాక సరుకుగా ఇచ్చేవారికి చిన్న మనవి. నల్ల ఊలు, ముదురు నీలం తేవద్దు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఆ రంగుల్లో కుట్లు కనబడవు, లెక్క తప్పుతుంది. లేత రంగులే తీసుకురండి.