కష్టకాలంలో ఇరుగుపొరుగు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం “కష్టకాలంలో సామాన్యుల దయ, నిబ్బరం”. రోజంతా ఉర్దూలో పాఠాలు చెప్పుకొనేవాణ్ణి గనుక నా తెలుగులో ఉర్దూ మాటలు దొర్లుతాయి. వెనుక కూర్చున్న పిల్లలు నవ్వుకున్నా అభ్యంతరం లేదు. దయ అనగానే మనవాళ్లు హాతిమ్ తాయీ కథ మొదలుపెడతారు. హాతిమ్ తాయీ ఒక తెగకు పెద్ద, ఇవ్వడానికి ఆయన దగ్గర ఒంటెలున్నాయి. రేపటికి తనకే లేనివాడు ఇవాళ ఇంకొకరికి ఇచ్చిన సంగతి వినాలంటే అంత దూరం పోనక్కర లేదు. మన మియాపూర్‌లో 2020లో జరిగినది చెప్పుకుంటే చాలు.

మీకందరికీ జ్ఞాపకమే. మార్చి 22న జనతా కర్ఫ్యూ అన్నారు. ఒక్క ఆదివారమే గదా అనుకున్నాం. ఆ రోజు ఆగిన మెట్రో రైలు సెప్టెంబరు 7 దాకా మళ్లీ కదలలేదు. పొద్దున్నే పార, తట్ట పట్టుకొని చౌరస్తాలో నిలబడే అడ్డా కూలీలు కనబడకుండా పోయారు. అపార్టుమెంట్లు కడుతున్న చోట్ల రేకుల షెడ్లలో బీహారు, జార్ఖండ్, ఒడిశా వాళ్లు, మన పాలమూరు వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు ఇరుక్కుపోయారు. ఐ.టి. కంపెనీలవారు ఇంట్లో కూర్చుని పని చేసుకున్నారు. మేస్త్రీ ఇంట్లో కూర్చుని గోడ కట్టలేడు గదా!

ప్రభుత్వం కార్డున్న కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. వలస కూలీకి 12 కిలోల బియ్యమో పిండో, 500 రూపాయలు ఇచ్చింది. మంచి పనే. అయితే ఆ బియ్యం వండాలంటే గ్యాసు కావాలి. ఉప్పు, పప్పు, నూనె కావాలి. పసిపిల్లకు పాలు కావాలి. ఇవన్నీ ఎక్కడినుంచి వచ్చాయి? నేను మా గల్లీలో చూచినంతవరకు ఉద్దెర పుస్తకం నుంచి వచ్చాయి. నా మటుకు నాకు, ఆ రెండు మూడు నెలలు బస్తీని బతికించిన వాటిలో మొదటిది కిరాణా కొట్టు ఉద్దెర పుస్తకమే. పంపిణీలన్నీ ఆ తరువాతే. కొట్టు సేఠ్ ఏమీ లక్షాధికారి కాడు. ఆయనకు సరుకు ఇచ్చే హోల్‌సేలు వాడు నగదు అడుగుతున్నాడు. అయినా “రాసుకుంటాలే, తీసుకపో” అన్నాడు. తీసుకున్నవాడు తల వంచలేదు, ఎందుకంటే అది అప్పు. తీర్చేవాడిగానే తీసుకున్నాడు. ఈ ముక్క మీరు కొంచెం గుర్తుంచుకోవాలి, దీని మీదే నా మనవి ఉన్నది.

ఏప్రిల్ 25న రంజాన్ మొదలైంది. మసీదులు మూసి ఉన్నాయి, తరావీహ్ ఇంట్లోనే. హైదరాబాదులో హలీమ్ బట్టీలు వెలగలేదు. ఆ నెల సంపాదనతో సగం ఏడు గడుపుకొనే వంటవాళ్లు, గోటా కొట్టేవాళ్లు ఎందరో ఖాళీగా కూర్చున్నారు. మా గల్లీలో ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు కుట్టుపని చేసే వితంతువు, ఒకరు ఆటో డ్రైవరు భార్య, సహరీకి లేచినప్పుడు ఇంటికి కావలసినవాటికి పైన ఇరవై రొట్టెలు చేసేవారు. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పెట్టి కాగితంలో చుట్టి ఇచ్చేవారు. నడిచిపోయే కూలీలు మన వైపునుంచి బాచుపల్లి, గండిమైసమ్మ మీదుగా మేడ్చల్ దగ్గర నాగపూర్ రోడ్డు ఎక్కేవారు. ఎండ ముదరకముందే బయలుదేరేవారు గనుక ఆ రొట్టెలు సరిగ్గా వేళకు అందేవి. పిండి ఎక్కడిదమ్మా అని నేను అడిగాను. ఆటో నడవని ఇంట్లో పిండి ఎలా వస్తుంది? “రేషన్‌ది ఉంది మాస్టర్ సాబ్, అయిపోతే అప్పుడు చూద్దాం” అన్నది ఆ ఖాలా. అయిపోయింది కూడా. అప్పుడు పక్కింటి తెలుగు అమ్మ రెండు కిలోలు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది.

నడిచేవాళ్ల కష్టం ఎంత పెద్దదో మన పక్క ఊళ్లోనే తెలిసింది. సంగారెడ్డి జిల్లా కందిలో ఐ.ఐ.టి. భవనాలు కడుతున్న కూలీలు జీతాల కోసం, ఇళ్లకు పోవడం కోసం ఏప్రిల్ 29న గొడవపడ్డారు. మే 1న తెల్లవారకముందే మన లింగంపల్లి స్టేషను నుంచి సుమారు 1,200 మందితో హటియాకు రైలు బయలుదేరింది. దేశం మొత్తం మీద వలస కార్మికుల కోసం నడిచిన మొదటి రైలు అదే. మేడే రోజున! అది మన పక్క స్టేషనునుంచే కదిలిందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. బడిలో చెప్పవలసిన పాఠమే.

ఇక నిబ్బరం. అదే ఏప్రిల్‌లో బోధన్‌లో ఒక ప్రధానోపాధ్యాయురాలు, మన మతస్థురాలే, భర్త లేని తల్లి, నెల్లూరు వైపు చిక్కుకుపోయిన కొడుకును తెచ్చుకోవడానికి స్కూటీ మీద ఒంటరిగా బయలుదేరింది. పోను రాను 1,400 కిలోమీటర్లు. 6వ తేదీన బయలుదేరి 8వ తేదీ సాయంత్రానికి కొడుకుతో ఇల్లు చేరింది. దారికి రొట్టెలు కట్టుకొని, చేతిలో పోలీసు అధికారి ఇచ్చిన ఉత్తరం పట్టుకొని పోయింది. ఆమె ధైర్యాన్ని పత్రికలన్నీ రాశాయి. ఆ ఉత్తరం సంగతి నాకు అంతే ముఖ్యం. రూలు చూపించి పొమ్మనడం ఎంత తేలికో మనకందరికీ అనుభవమే గదా!

మన ఊరికి ఇటువంటి రోజులు కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయింది. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదలోనే అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకున్నారు. ఆయన 1961 దాకా జీవించి ఉర్దూ రుబాయీకి పెద్ద పేరు తెచ్చారు. మా విద్యార్థులు ఆయన రుబాయీలు చదువుతారు. మూసీ సంగతి చెప్పాక మళ్లీ చదవమంటే క్లాసు నిశ్శబ్దమైపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఉర్దూలో సఫేద్‌పోష్ అని ఒక మాట ఉంది. తెల్లబట్టల వాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు, ఇంట్లో పొయ్యి వెలగదు, ఎవరినీ అడగడు. అల్ బఖరా సూరాలో కూడా ఇటువంటివారి ప్రస్తావన ఉంది. వీళ్ల అభిమానం చూచి తెలియనివాడు వీళ్లను ఉన్నవాళ్లే అనుకుంటాడు. 2020లో ఈ సఫేద్‌పోష్‌లలో మా ఉపాధ్యాయులే ఎక్కువ కనబడ్డారు. ఆ వేసవిలో ప్రభుత్వోద్యోగులకు సగం జీతమే వచ్చిందని గొణిగాము. ప్రైవేటు బడుల పంతుళ్లకు ఆ సగమూ లేదు. వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం అని ప్రభుత్వం ప్రకటించినది 2021 ఏప్రిల్‌లో.

నాకు తెలిసిన ఒక లెక్కల మాస్టారు తోపుడు బండి మీద ఖర్బూజాలు అమ్మాడు. తన బడి పిల్లలు చూడరాదని రోజూ రెండు కాలనీలు దాటి పోయేవాడు. అక్కడ కూడా ఒక తల్లి గుర్తుపట్టింది. ఏమీ అనలేదు. పండ్లు కొన్నది, డబ్బులిచ్చింది, వెళ్లిపోయింది. రెండు రోజుల తరువాత ఫోన్ చేసి, “సార్, మా వాడు భిన్నాల్లో చాలా వెనకబడ్డాడు. మిద్దె మీద గాలి ఉంటుంది, దూరం దూరం కూర్చుంటారు, మీరు వచ్చి చెప్పాలి” అని అడిగింది. నెల ఫీజు ముందే పంపింది. వారంలో పక్కిళ్ల పిల్లలు నలుగురు చేరారు. భిన్నాల్లో వెనకబడ్డాడన్న మాట నిజమో కాదో నాకు తెలియదు. ఆ కుర్రవాడు చురుకైనవాడే అని మాస్టారే నాతో చెప్పాడు. ఆ తల్లి ఆయనకు బియ్యం సంచి ఇచ్చి ఉంటే ఆయన తీసుకొనేవాడే, పిల్లల ఆకలి అటువంటిది. కాని ఆ తరువాత ఆ వీధిలోకి పోయేవాడు కాదు.

పెద్దలు క్షమించాలి, మన పంపిణీల సంగతి చెప్పక తప్పదు. మనం బ్యానరు కట్టి, కిట్టు చేతికిస్తూ ఫోటో తీస్తున్నాం. ఫోటో చూస్తే దాతలకు నమ్మకం కలుగుతుందన్న కోశాధికారిగారి మాట నేను కాదనను. లెక్క ఉండవలసిందే. కాని ఫోటోకు ఒప్పుకొనే ఆకలి ఉన్నవాళ్లే వరుసలోకి వస్తారు, సఫేద్‌పోష్ రాడు. అఫ్జల్‌గంజ్ చెట్టు ఎవరినీ ఫోటోకు నిలబడమనలేదు. రసీదు ఉంచుదాం, ఫోటో మానుదాం.

నా ప్రతిపాదన ఇది. జకాత్, సదఖా సొమ్ములో ఒక భాగం కిట్లకు కాకుండా కిరాణా కొట్లలో జమ చేద్దాం. కుటుంబం మామూలు గిరాకీ లాగానే పోయి, తమకు కావలసినది తామే అడిగి తెచ్చుకుంటుంది. పక్కన నిలబడినవాడికి అది ఉద్దెర ఖాతా అనే అనిపిస్తుంది. పేర్ల రిజిస్టరు ఇద్దరి దగ్గరే ఉండాలి, ఆ ఇద్దరిలో ఒకరు ఆడవారు కావాలి, ఇంటి లోపలి సంగతి వాళ్లకే తెలుస్తుంది. పిల్లల ఫీజు బాకీ ఉంటే నేరుగా బడికే కడదాం. పేరు మన మతస్థులదే కావాలని నియమం వద్దు. గుమ్మంలో పిండి పెట్టి పోయిన అమ్మ అలాంటి నియమం పెట్టలేదు.

నేను ముగ్గురు దుకాణదారులతో మాట్లాడి వచ్చాను. ఇద్దరు సరేనన్నారు. మూడవ ఆయన ఒక నెల సొమ్ము అడ్వాన్సుగా కావాలంటున్నాడు. ఆయన పాత బాకీలే ఇంకా వసూలు కాలేదట, అందులో తప్పేమీ లేదు. ఆ అడ్వాన్సు మాట కోశాధికారిగారు ఈ సభ ముగిసేలోగా తేల్చాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.